లాకుల దగ్గర దిగాలి

లాకు అనగానే గోదావరి జిల్లాలవాళ్ళకు ముందుగా కాలువ గుర్తుకు వస్తుంది; తలుపుకు వేసే తాళం ఆ తరువాతి సంగతి. మా వైపు ఆ మాటను ఏకవచనంలో వాడినవాళ్ళు అరుదు. లాకులు, లాకుల రేవు, లాకుల సెంటరు, లాకుల అవతల మిల్లు, లాకులకు ఇవతల కొబ్బరితోట అంటూ ఊరి ఆనవాళ్ళన్నీ వాటి చుట్టూనే తిరిగేవి. శుభలేఖ మీద ‘లాకుల దగ్గర’ అని అచ్చువేస్తే చాలు, మగపెళ్ళివారి బస్సు ఎవరినీ అడక్కుండా విడిదింటి ముందుకు వచ్చి ఆగేది. బస్సులో కండక్టరు “లాకులండీ, లాకుల దగ్గర దిగేవాళ్ళు ముందుకు రావాలండీ” అని కేకవేస్తే ఏ లాకులని ఎవరూ అడిగేవారు కారు, ఎక్కడివాళ్ళకు అక్కడివే లాకులు గనుక. అది ఇంగ్లీషు మాట అన్న స్పృహ ఊళ్ళో ఎవరికీ ఉన్నట్టు నాకు తోచదు. రేవు, గట్టు, తూము, బోదె ఎలాగో అదీ అలాగే.

ఆ మాట మా నేలకు ఆనకట్టతో పాటు వచ్చింది. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టించగా 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాని నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర బయలుదేరి, చీలికలై, పిల్ల కాలువలై, చివరికి మా పొలం గట్టు మీద మట్టిపెళ్ళ తీస్తే పారే బోదె దాకా వచ్చాయి. కాటన్‌కు ఈ కాలువలు పొలం తడపడానికే కాదు, పడవ నడపడానికి కూడా కావాలి. రైలు మార్గాల మీద పోసే డబ్బు నీటి మార్గాల మీద పెడితే మేలని పై అధికారులతో ఆయన చాలాకాలం వాదించాడు. ఆ పట్టుదల వల్లనే మా కాలువలకు లాకులు వచ్చాయి. ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఒకటి జరిగింది. కట్టను అరవంలో అణైక్కట్టు అంటారు. దాన్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయి అనికట్ అని తమ నిఘంటువులో పెట్టుకున్నారు. బదులుగా వాళ్ళ లాకును మేము పుచ్చుకుని, ఉకారం తగిలించి, బహువచనం చేసి, ఊరి పేర్ల పక్కన కూర్చోబెట్టుకున్నాము. బేరం మాకే గిట్టిందని నా అభిప్రాయం.

డెల్టా నేల చూపులకు బల్లపరుపుగా కనిపిస్తుందే గాని, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కొద్దికొద్దిగా వాలుతూనే ఉంటుంది. ఆ వాలునే నమ్ముకుని కాలువ తవ్వి వదిలేస్తే నీరు వేగం అందుకుని గట్లు కోసేస్తుంది. ఎదురెక్కే పడవ ఒక్కటీ ముందుకు కదలదు. అందుకని కాలువను కొంత దూరం దాదాపు సమంగా నడిపించి, ఒకచోట కొన్ని అడుగులు కిందికి దింపి, మళ్ళీ సమంగా నడిపించారు. అలా దింపిన చోట సాగునీరు పక్కనున్న ఖానాల్లో షట్టర్ల కింది నుంచి నురగలు కక్కుతూ దూకిపోతుంది. పడవ అలా దూకలేదు, దూకినా మళ్ళీ ఎక్కలేదు. అందుకని దానికి పక్కనే రాతిగోడలతో పొడవాటి గది ఒకటి కట్టి, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు పెట్టారు. లాకు అంటే ఆ గది.

పడవను లాకు ఎక్కించడం నేను చిన్నప్పుడు గట్టు మీద గంటలకొద్దీ నిలబడి చూసిన తమాషా. దిగువ నుంచి వచ్చిన పడవను గదిలోకి లాగి, వెనక తలుపులు మూసి, ఎగువ తలుపులకున్న చిన్న షట్టర్లను లస్కరు, అంటే లాకుల దగ్గర పనిచేసే నౌకరు, మరతిప్పి లేపేవాడు. అప్పటిదాకా పచ్చని పాచి పట్టిన గోడల మధ్య పాతాళంలో ఉన్నట్టున్న పడవ, మన కంటికి కదలిక తెలియకుండానే, గోడ మీద అడుగుల లెక్క రాసిన తెల్ల అంకెలను ఒక్కొక్కటిగా మింగుతూ పైకి వచ్చేది. ముందు తెరచాప కొయ్య, తరువాత చుక్కాని పట్టుకున్న మనిషి తలపాగా, తరువాత అతని మొహం, ఆఖరుకు పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం కుండతో సహా పడవంతా మా కాళ్ళ మట్టానికి వచ్చి నిలిచేది. గోడ అంచున ఉన్న రాళ్ళలో తాళ్ళు ఒరుసుకుని పడిన గాడులు ఉండేవి. తరాల తరబడి పడవల తాళ్ళు ఒకేచోట రాసుకోగా రాయి అరిగి, వేలు పెడితే లోపల అద్దంలాగా నున్నగా తగిలేది.

ఆ తలుపుల అమరికలోనే అసలు తెలివి ఉంది. రెండు రెక్కలూ మూసినప్పుడు తిన్నని గోడలాగా నిలవకుండా ఎగువ వైపుకు కోణంగా పొడుచుకుని ఆనుకుంటాయి. పై నీరు ఎంత నెడితే అవి అంత గట్టిగా బిగుసుకుంటాయి. రెండు వైపులా నీటి మట్టంలో కొద్దిపాటి తేడా ఉన్నా మనుషులెందరు కలిసి లాగినా రావు; మట్టం సమమైన మరుక్షణం మామూలుగా తోస్తే తెరుచుకుంటాయి. మా తాతయ్య ధాన్యం పడవల మీద పనిచేసిన మనిషి. ఏలూరు కాలువ మీదుగా బెజవాడ, అక్కడ కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, ఆ పైన బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా వెళ్ళివచ్చినవాడు. “ఒరే అబ్బాయ్, తలుపు తీసేది లస్కరు కాదురా, నీళ్ళే తీస్తాయి. ఆడు ఊరికే చెయ్యేస్తాడంతే” అనేవాడు. ఇలాంటి గది లాకును మొట్టమొదట 984లో చైనాలో చియావ్ వెయ్‌యువె అనే అధికారి కట్టించాడనీ, కోణంగా ఆనుకునే తలుపుల బొమ్మలు లియొనార్డో డావిన్చీ కాగితాల్లో ఉన్నాయనీ, 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడలు ఇదే పద్ధతి మీద ఎనభై అయిదు అడుగులు పైకెక్కి మళ్ళీ దిగుతాయనీ నేను తరువాత చదువుకున్నాను. తాతయ్య బతికి ఉండగా పనామా సంగతి చెబితే, అక్కడి లస్కరుకు జీతం ఎంతని తప్పకుండా అడిగి ఉండేవాడు.

హైస్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు ఈ ఒక్క మాట మీదనే ఒక పూట పాఠం నడిపించారు. నల్లబల్ల మీద నాలుగక్షరాలు రాసి, దీనర్థం ఏమిటని అడిగితే, క్లాసులో సగానికి సగం కాలువ వైపు చెయ్యి చూపించాము. ఆయన మాది తప్పని అనలేదు. ఆయనా కాలువ గట్టువాడే. “అదీ ఒక అర్థమే. కాకపోతే మీకు మొదటిది, నిఘంటువుకు ఎక్కడో కింద వచ్చేది” అన్నారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బిగించేది, అడ్డుగడి, మూసిన చోటు అని అర్థమనీ, తాళమూ కాలువ లాకూ అక్కడి నుంచి చీలినవేననీ చెప్పారు. కుస్తీలో ఎదుటివాడి చేతినో మెడనో కదలకుండా పట్టేస్తే అదీ లాకే. పాతకాలపు తుపాకిలో మందును అంటించే యంత్రం లాకు, చెక్కపిడి స్టాకు, ఇనుపగొట్టం బారెలు. ఈ మూడూ కలిస్తే మొత్తం తుపాకి. అందువల్ల ఆ మూడు పేర్లూ వరసగా చెబితే ఇంగ్లీషులో సమస్తమూ అని అర్థం వచ్చిందట. మనవాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని అంటారే, అటువంటిది. ఆడపిల్లల ముంగురులనూ లాక్స్ అంటారని చెప్పేసరికి వెనక బెంచీలు ఒక్కసారి గొల్లుమన్నాయి. ఆ జుట్టు మాట అసలు వేరనీ, పుట్టుక వేరయినా కాలక్రమాన రెండూ ఒకే స్పెల్లింగులోకి వచ్చి పడ్డాయనీ మాస్టారు సర్దిచెప్పారు. షెర్లాక్ అనే పేరులో ఉన్నది ఈ జుట్టు లాకేననీ, మెరిసే జుట్టువాడని దాని అర్థమనీ నేను చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను.

ఆ రోజు ముందు వరసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, మన తాళానికి మాత్రం అర్థాలు తక్కువా మాస్టారూ అని అడగడం నాకు బాగా గుర్తు. ఆమె సంగీతం నేర్చుకునేది. పాటకు వేసేది తాళం, భజనలో మోగించేవి తాళాలు, తాటిచెట్టు తాళవృక్షం, తలుపుకు పెట్టేది తాళం, దాన్ని తీసేది తాళంచెవి, ఆ తాళానికే కొందరు తాళంకప్ప అని బెకబెకలాడే జీవి పేరు కూడా తగిలిస్తారు. మాస్టారు ముచ్చటపడి గడియను కూడా కలిపారు. తలుపుకు వేసేదీ గడియే, ఇరవై నాలుగు నిమిషాల కాలమూ గడియే. పంచాంగం పట్టుకున్న పురోహితుడూ, రాత్రి పడుకోబోయే ఇల్లాలూ ఒకే మాటను రెండు పనులకు వాడుతున్నారు. ఎవరికీ ఎప్పుడూ తికమక రాలేదు. బెల్లు మోగినా ఆ పూట ఎవరూ కదల్లేదు. వ్యాకరణం పాఠాలన్నీ మరిచిపోయినా ఆ పాఠం నాకు మిగిలింది.

కొత్తగా మాట పట్టుబడ్డ పిల్లవాడికి అది ఎక్కడ చూసినా వినిపిస్తుంది. అమ్మ మెడలో గొలుసుకు లాకెట్టు ఉండేది. ఫ్రెంచివాళ్ళు చిన్న గొళ్ళేన్ని లోకే అంటారు, లాకెట్టు అందులో నుంచి వచ్చింది, దానికీ లాకుకూ మూలం ఒకటే. అమ్మ లాకెట్టు నిజంగానే డిప్పలాగా తెరుచుకునేది, లోపల వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉండేది. ఆ గొలుసును పెళ్ళిళ్ళ రోజులు అయిపోగానే నాన్న బ్యాంకు లాకరులో పెట్టి వచ్చేవారు. కోడిపందాల రోజుల్లో ఊళ్ళో మగవాళ్ళు కొందరు లాకప్పులో ఒక రాత్రి గడిపి, మర్నాడు అదేమీ ఎరగనట్టు కాఫీ హోటల్లో కూర్చునేవారు. గడ్డి కోస్తూ తుప్పు కొడవలితో కాలు తెగ్గోసుకున్న కూలీకి దవడ బిగుసుకుపోతే డాక్టరుగారు లాక్‌జా అన్నారు; దాన్నే మేము ధనుర్వాతం అంటాము, ఒళ్ళు విల్లులాగా వంగుతుంది గనుక. ఇంగ్లీషువాడు దవడను చూసి పేరు పెట్టాడు, మనవాడు వెన్నును చూసి పెట్టాడు. మిల్లుల యజమాని కార్మికులను లోపలికి రానివ్వకుండా గేటు మూస్తే లాకౌటు అని పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చేది. పేపరు చదివి వినిపించమని అడిగే మా నాయనమ్మ, ఆ మాట వచ్చినప్పుడల్లా “నీళ్ళు బయటికి పోయాయంటావా?” అనేది. ఆమె ప్రపంచంలో లాకుకు సంబంధించిన కష్టం నీటి కష్టమే అయి ఉండాలి.

మాస్టారు క్లాసులో చెప్పకుండా దాటేసిన అర్థం ఒకటి ఉంది. సుఖవ్యాధులకు చికిత్స చేసే ఆసుపత్రులను ఇంగ్లీషువాళ్ళు లాక్ హాస్పిటళ్ళు అనేవారు. లండన్‌లో అటువంటిది 1747లోనే వెలసింది. మన దేశంలోనూ సైన్యం ఉండే కంటోన్మెంట్లలో అవి నడిచాయి. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద ఆడవాళ్ళను బలవంతంగా పరీక్షలకు లోబరిచేవారు. అదే మాట ఒకచోట పడవను పైకెత్తింది, ఒకచోట మనిషిని లోపల వేసి మూసింది. పెద్దయ్యాక ఆ చరిత్ర చదివినప్పుడు నాకు ఆ మాట మీద కొంత చిరాకు కలిగిన మాట నిజం.

లాకు కనిపించినంత మాత్రాన అది మన లాకు అనుకోనవసరం లేదన్న సంగతి మాకు రాజమండ్రి వంతెన దగ్గర అనుభవంలోకి వచ్చింది. గోదావరి మీద 1900లో తెరిచిన పాత రైలు వంతెనకు హేవ్‌లాక్ వంతెన అని పేరు. దాని మీద 1997 వరకు రైళ్ళు నడిచాయి. ఆ పేరు చూసి, పడవలు వంతెన కింద దూరడానికి అక్కడ ఏదో పెద్ద లాకు ఉండి ఉంటుందని మా స్నేహితుల్లో ఒకడు పందెం కాసి, రైలు దాటుతున్నంతసేపూ కిటికీలో తల పెట్టి వెతికాడు. అది అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ ఇంటిపేరు; కాలువతోను తాళంతోను దానికేమీ చుట్టరికం లేదు. పెళ్ళిని ఇంగ్లీషులో వెడ్‌లాక్ అంటారు కదా, అదీ అలాంటి మోసమే. అందులో తాళం లేదు. వెడ్ అంటే ప్రమాణం, చివరిది పాత ఇంగ్లీషులో పనిని సూచించే ప్రత్యయం, కాలక్రమాన అరిగి లాక్ రూపానికి వచ్చింది. ఈ సంగతి మా స్నేహితుడి పెళ్ళిలో చెప్పబోతే, మూడుముళ్ళు పడ్డాక ఇంకా తాళం ఎందుకయ్యా అని అతని మామగారే అందుకున్నారు.

1974లో రాజమండ్రి దగ్గర రోడ్డు, రైలు రెండూ నడిచే వంతెన వచ్చింది. ఊళ్ళకు తారురోడ్లు పడ్డాయి, లారీలు కళ్ళం దాకా రావడం మొదలుపెట్టాయి. పడవలు ఇటుకలకు, వరిగడ్డికి, కొబ్బరికాయలకు పరిమితమై, తరువాత అవీ మానేశాయి. ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ వచ్చింది, దానికి కాటన్ పేరే పెట్టారు. లాకుల తలుపులు చాలాచోట్ల తెరిచే పని లేక తుప్పుపట్టి, కొన్నిచోట్ల తీసివేసి షట్టర్లు బిగించారు. లొల్ల లాకుల వంటివి సినిమా షూటింగుల పుణ్యమా అని జనం చూసివచ్చే చోట్లయ్యాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనే కలుపుతూ 2008లో నాలుగవ జాతీయ జలమార్గం ప్రకటించినప్పుడు, పడవలు మళ్ళీ వస్తాయని మా ఊళ్ళో రచ్చబండ దగ్గర పెద్ద చర్చ జరిగింది. మా లాకుల్లో అప్పటికే గుర్రపుడెక్క నిండి ఉంది. ముందు దాన్ని తీయించమని ఒకాయన అంటే చర్చ అక్కడితో ముగిసింది.

పడవ పోయినా మాట పోలేదు, పైగా ఇంకా విస్తరించింది. ముంగిట్లో వేసే సిమెంటు పలకలు ఇంటర్‌లాకింగ్‌వి, కారుకు సెంట్రల్ లాకు, బండికి హ్యాండిల్ లాకు, కంప్యూటరు మీద అక్షరాలన్నీ పెద్దవై అరుస్తుంటే క్యాప్స్ లాకు. ఫోనుకు వేలిముద్ర లాకు ఉంటుంది, వరిచేలో పనిచేసి అరిగిన వేళ్ళను అది ఒక పట్టాన గుర్తుపట్టదు. 2000లో టీవీలో హిందీ కోటీశ్వరుల ఆట మొదలైన తరువాత, పెళ్ళిసంబంధం ఖాయం చేసుకునే పెద్దలు కూడా “అయితే లాక్ చేసేద్దామా అండి” అనడం నేను విన్నాను. కీళ్ళనొప్పుల డాక్టరు దగ్గర మా వైపు మనిషి “మోకాలు లాకయిపోయిందండి ఆయ్” అంటే, అందులో కాలువ కూడా ఏదో మేరకు ఉందని నాకు అనిపిస్తుంది.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అని ప్రధానమంత్రి టీవీలో చెప్పిన రాత్రి, ఊళ్ళో ఉన్న మా మేనత్త నాకు ఫోను చేసింది. ఆమెకు ఎనభై దాటాయి. లాకులకు ఎదురుగా ఉన్న పెంకుటింట్లోనే ఆమె కాపురమంతా గడిచింది. మా వైపు ఏటా దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల నాటికి కాలువలు కట్టేసి, మరమ్మతులు చేసి, జూన్‌లో మళ్ళీ వదులుతారు. “ఏరా, అప్పుడే లాకులు దించేస్తారంటగా? చేలు ఇంకా పాలు పోసుకుంటన్నాయి, ఇప్పుడు నీళ్ళు ఆపేత్తే గింజ తాలయిపోదూ? ఇలాగైతే రైతు ఏమైపోవాలి?” అని ఒక్క గుక్కలో అడిగింది. అది కాలువల సంగతి కాదనీ, మనుషులు ఇళ్ళలోంచి కదలకూడదని అర్థమనీ, జబ్బు అంటుకుంటుందనీ నిదానంగా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “అయితే నీళ్ళు వత్తాయిగా?” అని ఒకటికి రెండుసార్లు ఖాయం చేసుకుంది. ఆ తరువాత కోత మిషను పక్క జిల్లా నుంచి రావాలి కదా, దాన్ని రానిస్తారా లేదా, ధాన్యం లారీ తిరుగుతుందా లేదా అని ఆరా తీసింది. వ్యవసాయ పనులకు మినహాయింపు ఇచ్చారని వారం తిరగకుండానే మళ్ళీ ఫోను చేసి చెప్పాను. అప్పటికే ఆమె మిషనువాడికి బయానా పంపించేసింది.